బోరు మోటార్‌కి యూపీవీసీ కాలమ్ పైపులు: పైపు మందం తర్వాత, ముందు మర చూడండి

ముందే చెప్పేస్తా, బోర్లో మోటార్‌ని వేలాడదీసి నీళ్లు పైకి తెచ్చే ఈ ప్లాస్టిక్ పైపులు బాగున్నాయి, ఇంకో బోరు వేసినా ఇవే తెస్తా, కానీ వాటితోపాటు వచ్చిన కింది అడాప్టర్ (పైపుని పంపుకి కలిపే ముక్క) మాత్రం నాకు నచ్చలేదు, దాని సంగతి కింద వివరంగా రాస్తా. కంపెనీ పేరు రాయట్లేదు ఎందుకంటే షాపులో పక్కపక్కనే పెట్టి ఇంకో రెండు మూడు కంపెనీలవి కూడా చూశా, ధరలో తేడా ఉంది, రంగులో తేడా ఉంది, కానీ అసలు ఐడియా అందరిదీ ఒకటే, కాబట్టి మీరు ఏ కంపెనీది కొన్నా ఏం చూసి కొనాలి అన్నదానికి ఇది పనికొస్తుంది.

మాది నల్గొండ జిల్లా, నీళ్లు 200 అడుగుల కిందే మొదలు, మోటార్ 300 అడుగుల్లో ఉంది. నేను బాలానగర్‌లో లేత్, సీఎన్‌సీ జాబ్ వర్క్ చేసే చోట పనిచేస్తా, రోజూ చేతిలో థ్రెడ్ గేజ్ (మర కొలిచే సాధనం) ఉంటుంది, అందుకే నాన్న "పైపులన్నీ తుప్పు పట్టినయిరా, మార్చాలె" అన్నప్పుడు షాపువాడు చెప్పిన కబుర్లు కాకుండా నా పద్ధతిలో చూసి కొన్నా. షాపులో అందరూ అడిగేది "ఎన్ని కిలోలుంది, ఎంత మందం ఉంది, గ్యారంటీ ఎన్నేళ్లు" ఇంతే. మర ఎలా ఉందో చూపించమని అడిగినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా, షాపాయన నన్ను వింతగా చూశాడు. కానీ ఆలోచించండి, బోర్లో పైపు నడిమధ్యలో తెగిపోయి మోటార్ పడిపోయింది అని మీరు ఎప్పుడైనా విన్నారా? పడేది ఎప్పుడూ జాయింట్ దగ్గరే. అంటే మీరు డబ్బు పెట్టేది జాయింట్‌కి, మధ్యలో ఉన్న పది అడుగుల పైపు దానికి తోడుగా వస్తుంది అంతే.

పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపులు ఎందుకు పోయాయో ముందు చెప్తా, ఎందుకంటే కొత్తవాటి గొప్పదనం అప్పుడే అర్థమవుతుంది. మావి రెండు ఇంచుల జీఐ, నీలం పట్టీ ఉన్నవి, అంటే మన దేశపు ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం మీడియం క్లాసు (పసుపు పట్టీ లైట్, ఎరుపు పట్టీ హెవీ). బయట 60.3 ఎంఎం, గోడ మందం 3.6 ఎంఎం. వినడానికి గట్టిగానే ఉంది కదా. ఇప్పుడు దానిమీద బీఎస్పీ (బ్రిటిష్ పద్ధతి పైపు మర) మర కోస్తారు, ఇంచుకి 11 మరలు, ఒక్కో మర లోతు దాదాపు 1.48 ఎంఎం. పైగా అది టేపర్ మర, ప్రతి 16 ఎంఎం పొడవుకి వ్యాసం 1 ఎంఎం తగ్గుతూ పోతుంది. లెక్క వేస్తే మర అడుగున మిగిలే ఇనుము 1.8 ఎంఎం కూడా సరిగ్గా లేదు, అంటే సగం గోడ చెక్కేసినట్టే. లైట్ క్లాసు పైపు అయితే గోడే 2.9, మర కింద మిగిలేది ఎంఎం చిల్లర. పైపు హెవీనా మీడియమా అని షాపులో బేరాలాడి కొంటాం, తీరా బరువు మోసేది మాత్రం ఆ ఎంఎం చిల్లర ఇనుమే.

ఇంకో గొడవ ఏంటంటే గాల్వనైజింగ్ అయ్యాక మర కోస్తారు, అంటే జింకు పూత సరిగ్గా ఎక్కడ పోకూడదో అక్కడే గీకేస్తారు. పచ్చి ఇనుము నీళ్లలో నానుతూ ఉంటుంది. మా పాత పైపులు తీసినప్పుడు చూశా, మధ్యలో పైపు ఇంకా తెల్లగానే ఉంది, కాలర్ (రెండు పైపుల్ని కలిపే ఇనుప ముక్క) పక్కన అర ఇంచు మేర మాత్రం పొరలు పొరలుగా ఎర్ర పెచ్చులు లేచాయి, గోరుతో గీకితే రాలింది. రెండు కాలర్లయితే పానా వేసి ఎంత తిప్పినా రాలేదు, కోసి తీయాల్సి వచ్చింది.

అసలు ఈ బీఎస్పీ మర చెడ్డదేం కాదు. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లండ్ ఇంజనీర్ అందరూ ఒకటే రకం మర వాడదామని 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతి చెప్పాడు, అది పైపుల దాకా వచ్చి, బ్రిటిష్ వాళ్లతో పాటు మన దగ్గరకీ వచ్చింది, ఇప్పటికీ మన ఇంట్లో నల్లా నుంచి బోరు బెండు దాకా అదే. అమెరికా వాళ్లది వేరే, ఎన్‌పీటీ అంటారు, 60 డిగ్రీలు. ఇక్కడొక తమాషా, అర ఇంచు, ముప్పావు ఇంచు సైజుల్లో రెండిటికీ ఇంచుకి 14 మరలే, అందుకే ఒకదాంట్లో ఒకటి సగం దాకా సాఫీగా ఎక్కుతుంది, బిగిసింది అనుకుంటాం, ప్రెషర్ రాగానే కారుతుంది. మా షాపుకి అమెరికా మిషన్ల పార్టులు వచ్చినప్పుడల్లా గేజ్ పెట్టకుండా ఎవరినీ ముట్టనివ్వం. బోరు పైపులకి దీనితో పని లేదు కానీ ఇంట్లో ఇంపోర్టెడ్ ఫిల్టర్లు అవీ పెట్టుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

సరే, టేపర్ మరతో చిక్కు ఎక్కడంటే బరువు మోసేదీ అదే, నీళ్లు ఆపేదీ అదే. ఒకే ఎద్దుతో పొద్దున దున్నించి సాయంత్రం అదే ఎద్దుని గానుగకి కట్టినట్టు. నీళ్లు ఆగాలంటే బాగా బిగించాలి, ఆ బిగుతుకే కాలర్ సాగుతుంది, దానిమీద మళ్లీ బరువు వేలాడుతుంది. ఇనుము కాబట్టి ఓర్చుకుంటుంది. ప్లాస్టిక్ అయితే ఓర్చుకోదు. ఇది మీ ఇళ్లలోనే చూసి ఉంటారు, గోడలో ఉన్న ప్లాస్టిక్ ఎఫ్‌టీఏ (లోపల మర ఉన్న ఫిట్టింగు) లోకి ఇనుప నిప్పల్ (బయట మర ఉన్న చిన్న పైపు ముక్క) పెట్టి, టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి, ప్లంబర్ తన బలమంతా చూపించి బిగిస్తాడు, ఆరోజు ఒక్క చుక్క కారదు, కొన్నాళ్లకి టైల్స్ వెనక చెమ్మ మొదలవుతుంది, పగలగొట్టి చూస్తే ఎఫ్‌టీఏ నిలువునా చీలి ఉంటుంది. టేపర్ మేకులాగా లోపల దిగి దాన్ని విచ్చేసింది మరి. అందుకే ఇత్తడి మర పొదిగిన ఫిట్టింగులు వచ్చాయి. లోహం లోపలికి ప్లాస్టిక్ మర పోతే పర్లేదు, ప్లాస్టిక్ లోపలికి లోహపు టేపర్ మర పోతేనే గొడవ.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికొద్దాం. మూడు మీటర్ల పైపు, అంటే పది అడుగులు, రెండు కొసలా మర, ఒక కొసకి కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) బిగించే వస్తుంది. మర చతురస్రం, మర పన్నూ పక్కనున్న గాడీ రెండూ పెట్టెల్లా ఉంటాయి, జీఐ మీద ఇంచుకి 11 పడితే దీనిమీద అందులో సగం కూడా లేవు, లావుగా వెడల్పుగా ఉన్నాయి. వేలు పెట్టి తడిమితే జీఐ మర గుచ్చుకుంటుంది, ఇది మెట్లెక్కినట్టు తగులుతుంది. టేపర్ లేదు, మొదటి నుంచి చివరి దాకా ఒకే వ్యాసం, వెర్నియర్ పెట్టి రెండు కొసల్లోనూ చూశా. చేత్తో తిప్పితేనే చివరిదాకా దిగిపోతుంది.

చతురస్రపు మర ఎందుకు అంటే, బరువు కిందికి లాగుతుంది, మర ముఖం ఆ బరువుకి అడ్డంగా నిలబడి ఉంటుంది, బరువంతా తిన్నగా ముఖం మీదే పడుతుంది. వీ ఆకారం మరలో అలా కాదు, ముఖం వాలుగా ఉంటుంది కాబట్టి కిందికి లాగే బరువు కప్లర్‌ని పక్కలకి తోస్తుంది. 55 డిగ్రీల మరకి లెక్క కడితే, రాపిడి వదిలేస్తే, వేలాడే ప్రతి 100 కిలోలకి 52 కిలోల చొప్పున కప్లర్‌ని విప్పార్చడానికి చూస్తుంది. ప్లాస్టిక్ కప్లర్‌కి అది చావుదెబ్బ. చతురస్రపు మరలో ఆ తోపుడు దాదాపు సున్నా. నిజానికి పూర్తి చతురస్రం కోయడం కష్టం, మా దగ్గర స్క్రూ జాక్‌లకి అవి కోయాలంటేనే విసుగొస్తుంది, అందుకే కొన్ని కంపెనీలు కొద్దిగా వాలు ఇచ్చి ట్రెపిజాయిడల్ రకం కోస్తున్నాయి, అదీ మంచిదే, వాలు తక్కువే కాబట్టి తోపుడూ తక్కువే.

నేను షాపులో ముఖ్యంగా చూసింది మాత్రం ఇంకోటి, మర అడుగున మూల. పీవీసీకి కత్తిలాంటి మూల అంటే పడదు, బరువు అక్కడికే వచ్చి చేరుతుంది, మోటార్ ఆన్ అయినప్పుడల్లా ఒక గుంజు, ఆఫ్ అయినప్పుడల్లా ఒక గుంజు, ఏళ్ల తరబడి అలా గుంజుతుంటే మూలలోనే సన్న గీత మొదలై పగులుగా మారుతుంది. ఫోన్ టార్చ్ వేసి అడ్డంగా చూస్తే తెలుస్తుంది, మంచి పైపుకి గాడి అడుగు మూల కొద్దిగా గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది, నాసిరకంలో టూల్ అరిగిపోయి కోసినట్టు పీచు లేచి, తెల్లటి గరుకు గీతలతో ఉంటుంది. నేను తెచ్చిన లాటులో రెండు పైపులకి అలా పీచు కనబడితే మార్చి ఇమ్మన్నా, షాపాయన "అదేం కాదు సార్, లోపలికి పోయేదే కదా" అన్నాడు, "లోపలికి పోయేదే కాబట్టే అడుగుతున్నా అన్నా" అన్నా. గొణుక్కుంటూనే మార్చాడు, మెచ్చుకోవాలి.

మరి నీళ్లు ఎవరు ఆపుతారు? కప్లర్ లోపల మరలు అయిపోయిన చోట ఒక గాడి ఉంది, అందులో రబ్బర్ రింగు, పైపు కొస నున్నగా వచ్చి ఆ రింగులోకి దూరుతుంది. మర బరువు మోస్తుంది, రింగు నీళ్లు ఆపుతుంది, ఎవరి పని వాళ్లది. బిగుతు కోసం పైపుని చంపాల్సిన పనిలేదు. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆలోచిస్తే గీజర్‌కి పెట్టే ఫ్లెక్సిబుల్ హోస్ కూడా ఇదే పద్ధతి, దాని మర నిటారు మర, లోపల వాషర్ ఆపుతుంది, అయినా మన ప్లంబర్లు దానిమీద కూడా టెఫ్లాన్ చుట్టందే నిద్రపోరు. ఆయిల్ బావుల్లో కిలోమీటర్ల లోతుకి దింపే పైపుల్లో కూడా ఖరీదైన రకాల్లో మర వేరు, లోహం మీద లోహం ఒత్తుకునే సీలు వేరు. మన 300 అడుగుల బోరుకి అంత అక్కర్లేదు, రబ్బర్ చాలు, కానీ సూత్రం అదే.

బరువు లెక్క కూడా ఒకసారి వేసి చూశా, ఎందుకంటే షాపులో మీడియం, స్టాండర్డ్, హెవీ, సూపర్ హెవీ అని నాలుగు రకాలు చూపించి ఎక్కువ ధరదే మంచిదన్నట్టు మాట్లాడతారు. రెండు ఇంచుల పైపు, బయట 60, గోడ 5 ఎంఎం అనుకుంటే మీటరుకి 1.2 కిలోలు వస్తుంది. 300 అడుగులంటే 91 మీటర్లు, పైపుల బరువు 110 కిలోలు. లోపల నిండిన నీళ్లు ఇంకో 180 కిలోలు. మోటార్, పంపు కలిపి 50 అనుకుందాం. మొత్తం 340. అదే జీఐ మీడియం అయితే మీటరుకి 5 కిలోల పైచిలుకు, పైపులే 460 దాకా, నీళ్లు, మోటార్ కలిపితే 700 దాటుతుంది. జీఐ బలంగా ఉంటుంది అంటారు కానీ ఆ బలంలో పెద్ద భాగం తన బరువు తను మోసుకోడానికే పోతుంది.

ఈ 340 కిలోలూ మోసేది అన్నిటికన్నా పైనున్న జాయింట్. కిందికి పోయేకొద్దీ వేలాడే పైపు బరువు తగ్గుతుంది. ప్రెషర్ మాత్రం తిరగబడి ఉంటుంది, పైన దాదాపు ఏమీ ఉండదు, 300 అడుగుల కింద లోపలి నీటి ఒత్తిడి 9 బార్ (బయట బోర్లో నీళ్లున్నంత మేర అది కొంత తగ్గుతుంది). అంటే పై జాయింట్లకి మర గట్టిగా ఉండాలి, కింది జాయింట్లకి రింగు గట్టిగా ఉండాలి. దింపేటప్పుడు మంచి మర ఉన్న పైపులు ఏరి పైకి పెట్టించా, రింగుల్లో కొద్దిగా కూడా గాటు లేనివి కిందికి వేయించా. లోతు మరీ ఎక్కువ ఉన్నవాళ్లు, 500, 600 అడుగులకి దింపేవాళ్లు, కంపెనీ క్యాటలాగులో ఈ రకం ఎంత మొత్తం బరువుకి అని పట్టిక ఉంటుంది, అది చూసి తీసుకోండి, ఒక్క లోతు చూసి కాదు, మోటార్ హెచ్‌పీ, పైపు సైజు కూడా కలిపి. మాకు హెవీ కూడా అక్కర్లేదు, స్టాండర్డ్ సరిపోయింది, షాపాయనకి కొంచెం నిరాశ.

ఇక అడాప్టర్. పైపులన్నీ చతురస్రపు మర అయినా మోటార్ పంపు నోరు మాత్రం రెండు ఇంచుల బీఎస్పీ, పైన బెండు కూడా బీఎస్పీ, కాబట్టి రెండు కొసల్లోనూ ఒక అడాప్టర్ కావాలి, ఒక పక్క చతురస్రపు మర, ఇంకో పక్క బీఎస్పీ. పైది స్టీలు, బాగుంది. కిందిది పోత ఇనుము, పైన నల్ల పెయింట్, మర మీద కూడా పెయింటే. అంటే తుప్పు నుంచి పారిపోడానికి ఇంత ఖర్చు పెట్టి, అన్నిటికన్నా లోతున, ఎప్పుడూ నీళ్లలో ఉండే చోట మళ్లీ ఇనుప మరే పెట్టారు. షాపులో రింగ్ గేజ్ (మర సైజు చూసే రింగు) లేకపోయినా నేను బాలానగర్ నుంచి తెచ్చిన గేజ్ పెట్టి చూస్తే బీఎస్పీ మర రెండు చుట్లు ఎక్కువే దిగింది, అంటే సన్నగా కోశారు, టేపర్ మర సన్నగా ఉంటే చివరిదాకా వెళ్లినా పట్టు దొరకదు, అప్పుడు టెఫ్లాన్ మీద భారం వేస్తాం. దాన్ని వెనక్కిచ్చేసి, ఎక్కువ డబ్బు కట్టి స్టీలుది తీసుకున్నా. పైపు కట్టకి కొన్ని వేలు పెట్టించి ఈ చిన్న ముక్క దగ్గర కక్కుర్తి పడటం ఎందుకో ఆ కంపెనీకే తెలియాలి. స్టీలుది కొనేవాళ్లకి ఒక మాట, పంపు నోరు కూడా స్టీలే అయితే పొడిగా బిగించొద్దు, స్టీలు మీద స్టీలు రాసుకుంటే కరుచుకుపోతుంది, ఇక పానాకి కూడా రాదు. టెఫ్లాన్ టేపు గానీ యాంటీ సీజ్ పేస్టు గానీ పెట్టి నిదానంగా తిప్పండి.

టేపు అక్కడ మాత్రమే. చతురస్రపు మర మీద టేపు, జనపనార, పెయింటు, పీవీసీ గమ్ము, ఏదీ పెట్టకూడదు. మోటార్లు దింపేవాళ్లకి అలవాటు కొద్దీ చేయి టేపు మీదికే పోతుంది, ముందే చెప్పి ఉంచండి. రింగుకి సబ్బు నీళ్లు గానీ, కంపెనీ ఇచ్చిన జెల్ గానీ చాలు. బండి గ్రీజు పూస్తారు కొందరు, కొన్ని రకాల రబ్బరు గ్రీజుకి ఉబ్బుతుంది, గాడిలోంచి పొంగి బయటికొస్తుంది, ఎందుకొచ్చిన గొడవ.

దింపే రోజు మా ఊరి మెకానిక్ వచ్చాడు, ఈ పనిలో చాలా ఏళ్ల నుంచి ఉన్న మనిషి. అలవాటుగా నేను పైపు పానా అందుకుంటే "తమ్మీ, దాన్ని పక్కన పెట్టు, అది జీఐ కాదు, పండ్లు దిగుతయి" అని తనే బెల్టు రెంచ్ తీశాడు. నాకు భలే సంతోషం వేసింది. పానా పళ్లు పైపు మీద గాటు పెడితే ఆ గాటే రేపు పగులుకి మొదలు. చేత్తో చివరిదాకా తిప్పడం, తర్వాత బెల్టుతో కొద్దిగా, అంతే. జీఐ అయితే పైపుని నిలబెట్టడానికే నలుగురు కావాలి, చైన్ పుల్లీ, మూడు కాళ్ల స్టాండు, పొద్దున మొదలుపెడితే సాయంత్రం. ఇక్కడ పైపు ఒక్కడే భుజాన వేసుకుని తెస్తున్నాడు. క్లాంపు మాత్రం దీనికి సరిపోయే కంపెనీ క్లాంపే వాడండి, కప్లర్ కింద పట్టుకునేది, జీఐ క్లాంపు వేసి బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది.

ఒక విషయం చాలామందికి చెప్పరు, ఈ పైపు సాగుతుంది. ఇనుముతో పోలిస్తే పీవీసీ బాగా మెత్తన, పైన చెప్పిన బరువులకి లెక్క కడితే 300 అడుగుల వరుస మొత్తం మీద రమారమి నాలుగు ఇంచులు సాగుతుంది, కాలం గడిచేకొద్దీ ఇంకొంచెం. పైపుకి దానివల్ల ఏం కాదు, కానీ కేబుల్‌ని పైపుకి బిర్రుగా టేపు చుట్టి కట్టేస్తే సాగిన బరువు కేబుల్ మీద పడుతుంది. కొద్దిగా వదులు ఇస్తూ కట్టించండి. నైలాన్ తాడు మాత్రం తప్పనిసరి, మోటార్‌కి కట్టి పైన కేసింగ్ దగ్గర ముడి వేయండి, అది రోజూ బరువు మోయడానికి కాదు, ఏదైనా జరిగితే మోటార్ అడుగుకి పోకుండా.

స్టార్టింగ్ గుంజు గురించి. మోటార్ ఆన్ అయిన క్షణంలో పంపు ఒక పక్కకి మెలి తిరగాలని చూస్తుంది, ఆ మెలి జాయింట్ల మీద పడుతుంది, నిటారు మర టేపర్‌లాగా కరుచుకుని ఉండదు కాబట్టి అది వదులయ్యే అవకాశం ఉంది. అందుకే కప్లర్‌కి లాక్ ఉండాలి. కొన్నిట్లో కప్లర్ చుట్టూ గాడిలోకి తీగ దూర్చి లాక్ చేస్తారు, కొన్నిట్లో మర చివర బిగిసేలా ఒక అంచు ఇస్తారు. లాక్ సంగతి అడగకుండా కొనకండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పట్లో గట్టిగా చెప్పారు, భూగర్భ జలాల కోసం చెప్పిన మాట అది, కానీ జాయింట్లకి కూడా అది మంచి మాటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటార్ దానంతటదే గుంజుకుని లేవకుండా ఉంటే మరలు పదికాలాలు ఉంటాయి. మా నాన్న ఆటో తీయనన్నాడు, రాత్రిపూట చేను దగ్గరికి ఎవడు పోతాడు అని ఆయన బాధ ఆయనది. కనీసం డిలే ఉన్నది (కరెంటు వచ్చాక కాసేపాగి ఆన్ అయ్యేది) పెట్టించా.

బాగోలేనివి కూడా చెప్పాలి. పది అడుగుల పైపులు కాబట్టి 300 అడుగులకి 30 జాయింట్లు, జీఐ ఇరవై అడుగులవి అయితే అందులో సగమే. జాయింట్ ఎంత మంచిదైనా ఎక్కువ ఉంటే ఎక్కువ చోట్ల అనుమానమే కదా. ఇరవై అడుగులవి చేస్తే బాగుండేది కానీ ఆటోలో పట్టవు, స్టాండు ఎత్తు చాలదు, సరే. ఎండలో పడేస్తే పాడవుతాయి, మా పక్క చేను వాళ్లు మిగిలిన రెండు పైపులు గట్టు మీదే వదిలేస్తే రంగు పోయి, కొట్టగానే పెళుసుగా పగిలేలా తయారయ్యాయి. పైన కేసింగ్ దాటి బయటికి వచ్చే ముక్క మాత్రం జీఐ పెట్టించడమే నయం, ఎండకీ, గొడ్డూ గోదా తగలడానికీ.

అన్నిటికన్నా పెద్ద కంప్లైంట్, ఒక కంపెనీ పైపు ఇంకో కంపెనీ కప్లర్‌కి ఎక్కదు. షాపులో రెండు కంపెనీలవి కలిపి తిప్పి చూశా, రెండు చుట్లకే బిగిసిపోయింది, పిచ్ వేరు. జీఐలో ఈ బాధ లేదు, హైదరాబాద్‌లో కొన్న కాలర్ అనంతపురంలో కొన్న పైపుకి కూడా ఎక్కుతుంది, ఆ ఒక్క విషయంలో పాత 55 డిగ్రీల మరకి దండం పెట్టాలి. ఈ చతురస్రపు మరలకి కూడా అందరూ ఒకే కొలత పెట్టుకుంటే రైతుకి ఎంత మేలో, కానీ అలా అయితే ఏ షాపులోనైనా కొనుక్కుంటాం కదా, కంపెనీలకి అదెందుకు ఇష్టం ఉంటుంది.

నీళ్లు వస్తున్న తీరు గురించి కూడా అడుగుతారు. పాత పైపుల్లో తుప్పు గడ్డలు కట్టి లోపల గరుకుగా ఉండేది, ఇవి నున్నగా ఉన్నాయి, ధార కొంచెం లావెక్కినట్టు నాన్న అంటున్నాడు, నాకూ అలాగే అనిపించింది, కొలవలేదు. మొదటి నీళ్లలో వచ్చే ఎర్రరంగు మాత్రం పోయింది, డ్రిప్ ఫిల్టర్ కడిగేటప్పుడు అది బాగా తెలుస్తోంది.

మొత్తానికి పైపులకి నాలుగున్నర స్టార్లు, ఆ కింది అడాప్టర్‌కి ఒకటి, షాపుకి నాలుగు (మార్చి ఇచ్చినందుకు, రింగులు ఎక్స్‌ట్రా ఫ్రీగా ఇచ్చినందుకు). మీరు కొంటే అదే కంపెనీవి రెండు పైపులు, మూడు నాలుగు కప్లర్లు, ఒక డజను రింగులు అదనంగా తెచ్చి ఇంట్లో నీడన పెట్టుకోండి, రెండు మూడేళ్లకి నీళ్లు దిగి ఇంకో ఇరవై అడుగులు దింపాల్సి వచ్చినప్పుడు అదే మోడల్ దొరక్కపోతే మొత్తం వరుస మార్చాలి. నేను తెచ్చిన వాటికి బిల్లు మీద మోడల్ పేరు, రకం కూడా రాయించా, మీరూ రాయించుకోండి, "రెండు ఇంచుల కాలమ్" అని ఒక్కటే రాసిచ్చిన బిల్లు పట్టుకుని గ్యారంటీకి వెళ్తే ఎవడూ పట్టించుకోడు.